సింగిల్ ఏది వదలాలో మీరే తేల్చుకోండి

తమ్ముడూ,

పాటలన్నీ విన్నాను. ఆల్బమ్ కంటే ముందు సింగిల్‌గా, అంటే విడిగా, ఏ పాట వదలాలో తేలక బ్యాండ్‌లో రోజూ గొడవేనని రాశావు. పడండి, మంచిదే, కానీ అది మీ నలుగురి మధ్యే తేలాలి. 1977లో ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ ద క్లాష్ వాళ్లకి ఏం జరిగిందో తెలుసుగా? వాళ్లని అడక్కుండానే వాళ్ల రికార్డు కంపెనీ సీబీఎస్ మొదటి ఆల్బమ్‌లోంచి 'రిమోట్ కంట్రోల్' తీసి సింగిల్‌గా వదిలేసింది. వీళ్లకి ఒళ్లు మండి, అదే ఏడాది 'కంప్లీట్ కంట్రోల్' అని ఆ కంపెనీనే తిడుతూ పాట కట్టారు, దాన్ని విడుదల చేసిందీ ఆ కంపెనీయే! అందరికీ అంత కలిసి రాదు కాబట్టి, ఏ రికార్డు కంపెనీతోనైనా సంతకం పెట్టే ముందే సింగిల్ ఎవరు ఎంచాలో, కవర్ ఎవరు ఖాయం చేయాలో కాగితం మీద రాయించుకో.

నా ఓటు మూడో పాటకి. మీ గిటారిస్టు చెప్పే ఆ నెమ్మది పాట బాగానే ఉంది, కాకపోతే అది విని ఆల్బమ్‌కి వచ్చినవాడు మిగతావి వినగానే ఇదేంట్రా బాబూ అని పారిపోతాడు. మూడోదానిలో డ్రమ్మర్ కర్రలు నాలుగుసార్లు కొట్టగానే గొంతు వచ్చి మీద పడుతుంది, మీరెవరో అక్కడే తెలిసిపోతుంది. ఇబ్బందల్లా ఆ కర్రల ముందు అంతసేపు సాగిన ఆంప్ ఫీడ్‌బ్యాక్, అదే ఆ స్పీకర్ కూత. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేగానీ విన్నట్టు లెక్కలోకి రాదు, మీరేమో అందులో సగం కూతకే ఇచ్చేశారు. కోసేయండి. కోసేది ఆల్బమ్‌లో కూడా కోయండి, ఎందుకంటే రెండుచోట్లా ఒకే రికార్డింగ్ ఉంటే ఒకే ఐఎస్ఆర్‌సీ కోడ్ (ప్రతి రికార్డింగ్‌కీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వాడుకోవచ్చు, సింగిల్‌ని ఎన్నిసార్లు విన్నారన్న లెక్క ఆల్బమ్ వచ్చాక కూడా నిలుస్తుంది. నిడివి అంత తేడాగా ఉంటే అది వేరే రికార్డింగ్, వేరే కోడ్ కావాలి.

రెండో పల్లవిలో గొంతు చీలింది చూడు, దాన్ని మాత్రం ఎవరినీ సరిచేయనివ్వకు. అమెరికా పంక్ బ్యాండ్ రామోన్స్ 1976 నాటి మొదటి ఆల్బమ్‌కి అయిన ఖర్చు సుమారు 6,400 డాలర్లు, నునుపు చేసే తీరికే లేదు వాళ్లకి, ఇప్పటికీ వింటున్నాం.

తేదీ విషయంలో తొందరపడకండి. పాటని మూడు నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. స్పాటిఫైలో ప్లేలిస్టులు కూర్చే ఎడిటర్లకి పంపాలంటే విడుదలకి కనీసం 7 రోజుల ముందు పంపాలి, అదీ ఒకసారికి ఒక్క పాటే. బ్యాండ్ పేరు స్పెల్లింగ్ అన్నిచోట్లా ఒకేలా ఉందో లేదో చూసుకో, లేకపోతే మీ పాట వెళ్లి ఇంకెవరి పేజీలోనో కూర్చుంటుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి.

ఏడంగుళాల వినైల్ రికార్డు కూడా వేయాలని ఉందన్నావు. వేయండి, కొన్నే వేయండి. ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ బజ్‌కాక్స్ వాళ్లు 1977 జనవరిలో అప్పు తెచ్చుకుని సొంతంగా వేసినప్పుడు కూడా మొదట వెయ్యి కాపీలే, అవి అమ్ముడయ్యాకే మళ్లీ వేశారు. రెండో వైపు ఆల్బమ్‌లో లేని పాట పెట్టండి, డబ్బు పెట్టి కొన్నవాడికి ఏదో ఒకటి దక్కాలిగా. ప్రెస్సింగ్‌కి, అంటే రికార్డులు అచ్చు వేయడానికి, నెలలు పట్టొచ్చు, ముందే ఆర్డర్ ఇవ్వండి.

కోసిన మిక్స్ నాకు పంపు. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైల్ పంపు.

మీ అన్న