విండ్ బ్యాండ్‌కు రాసేవారి కోసం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆర్కెస్ట్రాకు రాసే స్వరకర్తలు కొందరు విండ్ బ్యాండ్ (ఊదే వాద్యాలు, తాళవాద్యాల బృందం) వైపు వస్తున్నారు. డబ్బు కోసమేనా?

డబ్బు ఒక కారణమే. అంతకంటే పెద్ద కారణం, రాసింది నలుగురి చేతా మోగడం. ఆర్కెస్ట్రా కచేరీల్లో కొత్త రచన రెండు మూడు వందల ఏళ్ల నాటి రచనలతో చోటు కోసం పోటీపడాలి. తొలి ప్రదర్శనే ఆఖరి ప్రదర్శన కావడం అక్కడ మామూలే. విండ్ బ్యాండ్‌కు అంత పాత నిధి లేదు. ఈ బృందానికి ప్రసిద్ధమైన పాత రచనల్లో హోల్స్ట్ ఇ ఫ్లాట్ సూట్ 1909 నాటిది, గ్రెయింజర్ 'లింకన్‌షైర్ పోసీ' 1937 నాటిది. 1952లో ఫ్రెడరిక్ ఫెనెల్ ఈస్ట్‌మన్ విండ్ ఎన్సెంబుల్‌ను స్థాపించి, ఒక్కో పార్టుకు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన ప్రతికి) ఒక్కరే వాయించే పద్ధతి పెట్టాక ఈ బృందంలోంచి పలుచని, తేటైన ధ్వని కూడా రాబట్టవచ్చని స్వరకర్తలకు అర్థమైంది. అమెరికాలో స్కూలు, యూనివర్సిటీ బ్యాండ్లు ఎన్నో ఉన్నాయి. వాటికి ఏటా కొత్త రచనలు కావాలి.

అమెరికా స్వరకర్త జాన్ మాకీనే చూడండి. 1973లో పుట్టారు, జూలియార్డ్‌లో జాన్ కొరిలియానో దగ్గర చదివారు. 'రెడ్‌లైన్ టాంగో'ను ముందు ఆర్కెస్ట్రాకే రాశారు. దాని బ్యాండ్ రూపానికి 2005లో, బ్యాండ్ రచనలకిచ్చే ఆస్ట్‌వాల్డ్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఆయన పని ప్రధానంగా బ్యాండ్‌కే సాగింది. రచనలను ఆస్టి మ్యూజిక్ అనే సొంత ప్రచురణ సంస్థ ద్వారా అందిస్తారు. మా దృష్టిలో ఆయన దారిలో గట్టి నిర్ణయం ఇదే. హక్కులు చేతిలో ఉంటే స్కోరు (అన్ని పార్టులూ కలిపి రాసిన ప్రతి) అమ్మకం, అద్దె, ప్రదర్శన రాయల్టీ మూడూ స్వరకర్తకే చేరతాయి. అయితే ముద్రణ, పార్సిల్, తప్పొప్పుల సవరణ కూడా ఆయన నెత్తినే పడతాయి.

ప్రశ్న: 'కన్సార్టియం కమిషన్' అంటే ఏమిటి? మొదటిసారి చేస్తున్నాను, ఎక్కడ దెబ్బతింటారు?

ఒక బృందం మొత్తం రుసుము భరించలేనప్పుడు చాలా బృందాలు కలిసి ఒక రచన రాయించుకోవడమే కన్సార్టియం. లెక్క కోసం రుసుము 12,000 డాలర్లు అనుకుందాం. 24 బ్యాండ్లు చేరితే తలా 500. ఒక కండక్టర్ ముందుండి మిగతావారిని కూడగడతారు. తొలి ప్రదర్శన సాధారణంగా ఆయన బృందానిదే. ప్రతి బృందానికీ స్కోరు, పార్టుల సెట్టు అందుతాయి, వారి పేర్లు స్కోరు మొదటి పేజీల్లో వస్తాయి. ఒప్పుకున్న గడువు దాకా, తరచూ ఏడాది, బయటివారు ఎవరూ వాయించకూడదు. స్వరకర్తకు ఇందులో అసలు లాభం రుసుము కాదు. మొదటి ఏడాదే ఇరవై నాలుగు చోట్ల రచన మోగుతుంది, ఇరవై నలుగురు కండక్టర్లకు మీ పేరు తెలుస్తుంది.

నోటిమాటను నమ్మినప్పుడే దెబ్బ తగులుతుంది. 'మేమూ చేరతాం' అన్నవారిలో కొందరికి ఆ ఏడాది నిధులు రావు. కనీసం ఎందరు చేరితే పని మొదలుపెడతారో ముందే తేల్చుకోండి. సంతకమయ్యాక సగం, స్కోరు అందాక సగం అని రాసుకోండి. నిడివి, గ్రేడ్ (వాయించడం ఎంత కష్టమో చెప్పే అంకె), వాద్యాల జాబితా, పార్టులు అందే తేదీ కూడా ఒప్పందంలో ఉండాలి. హార్ప్ ఉందా, డబుల్ బాసూన్ ఉందా అని రాశాక అడగడం ఆలస్యమే. గ్రేడ్ 3 అని ఒప్పుకుని గ్రేడ్ 5 పంపితే ఒకేసారి అందరి నమ్మకం పోతుంది.

ప్రశ్న: గ్రేడ్ 3కి రాసిన రచన కంప్యూటర్‌లో బాగా వినిపించింది. రిహార్సల్‌లో మాత్రం అంతా ముద్ద అయింది, ఫ్లూట్ సోలో వినపడనే లేదు. క్లారినెట్లు ఒకచోట పదేపదే తడబడ్డాయి. లోపం ఎక్కడ?

ఫ్లూట్‌తో మొదలుపెడదాం. మంద్ర స్థాయిలో దాని నాదం సన్నం. సాఫ్ట్‌వేర్‌లో మీరు మీట జరిపి పెంచగలరు, హాల్లో ఆ మీట లేదు. కింద ట్రాంబోన్లు, సాక్సఫోన్లు కదులుతుంటే ఆ సోలో మునిగిపోతుంది. ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి జరపండి. ఆ రంగే కావాలంటే కింద రెండు క్లారినెట్లు, ఒక వైబ్రఫోన్ చాలు.

ముద్ద అవడానికి కారణం అడుగున ఉంది. ట్యూబా, యుఫోనియం, బాసూన్, బాస్ క్లారినెట్, బారిటోన్ సాక్సఫోన్, ట్రాంబోన్ అన్నీ ఒకే ఆక్టేవ్‌లో చేరితే, అందులోనూ దగ్గరదగ్గర స్వరాలు వేస్తే, వాటి ఉపస్వరాలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. అడుగున మూలస్వరం, పంచమం, ఆక్టేవ్ మాత్రమే ఉంచి గాంధారాన్ని పైకి పంపండి. అందరూ అన్ని వేళలా వాయించడం కొత్తవారి స్కోరులో మేము తరచూ చూసే జబ్బు. ముందు నలభై బార్లు (తాళపు ఆవర్తాలు) సగం మందిని ఆపితేనే ఆ తర్వాత వచ్చే పూర్తి బృందపు నాదానికి బలం.

ఇక క్లారినెట్లు. పార్టులో మధ్య గీత మీది బి, దాని కింది బి ఫ్లాట్ అని రాసి ఉన్నచోట వేళ్లను చూడండి. బి ఫ్లాట్‌కు ఎడమచేతి చూపుడువేలు, బొటనవేలు ఒక్కో మీట నొక్కితే చాలు, తక్కిన రంధ్రాలన్నీ తెరిచే ఉంటాయి. పక్కనున్న బి కి వచ్చేసరికి రెండు చేతుల రంధ్రాలన్నీ ఒక్కసారిగా మూసి, చిటికెనవేలితో ఇంకో మీట నొక్కాలి. ఒక్క వేలు సరిగా ఆనకపోయినా కీచుమంటుంది. దీన్నే 'బ్రేక్' అంటారు. మూడో క్లారినెట్ పార్టు వాయించేవారు తరచూ కొత్తవారే. వారికి ఎనిమిదో వంతు నోట్లలో ఈ బ్రేక్‌ను అటూ ఇటూ దాటించకండి. బ్రేక్‌కు కిందనే ఉంచండి, లేదా పైననే ఉంచండి.

శ్రుతి ఎంపిక కూడా ఇక్కడే పట్టుకుంటుంది. క్లారినెట్, సాక్సఫోన్, హార్న్‌లలో రాసిన స్వరం ఒకటి, వినిపించేది మరొకటి. అందుకే వాటి పార్టులను వేరే శ్రుతిలో రాయాలి. వినిపించే శ్రుతి ఇ ఫ్లాట్ మేజర్ అయితే బి ఫ్లాట్ క్లారినెట్‌కు ఒక ఫ్లాట్, ఆల్టో సాక్సఫోన్‌కు ఏమీ లేదు, ఎఫ్ హార్న్‌కు రెండు. అదే ఇ మేజర్ అయితే క్లారినెట్‌కు ఆరు షార్ప్‌లు, ఆల్టో సాక్సఫోన్‌కు ఏడు. కీబోర్డు ముందు కూర్చుని రాసేవారికి ఇది కళ్లబడదు.

ఒబో, బాసూన్ సోలోలను ఫ్లూట్, ఆల్టో సాక్సఫోన్ వంటి పార్టుల్లో చిన్న నోట్లుగా 'క్యూ' వేయండి. గ్రేడ్ 3 బృందాల్లో ఆ వాద్యాలు లేని రోజు తరచూ ఉంటుంది. ట్యూబా ఒక్కటే ఉన్నచోట ఎనిమిది బార్ల దీర్ఘస్వరం ముడివేయకండి. వంతులవారీగా ఊపిరి తీసుకోవడానికి అక్కడ రెండోవారు లేరు.

ప్రశ్న: నాకు ఏ వాద్యమూ సరిగా రాదు. ఈ రంగంలోకి రావచ్చా?

రావచ్చు. మాకీ కూడా ఏ వాద్యమూ గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. అయితే ప్రతి వాద్యం వాయించేవారి దగ్గర అరగంట కూర్చుని, మీ పార్టు వారి చేత వాయించి చూడాల్సిందే.

ప్రశ్న: పార్టులు పంపే ముందు ఏం సరిచూడాలి?

పేజీ తిప్పే చోటు చూడండి. కుడి పేజీ చివర విరామం లేకపోతే వాయించేవారు రెండు బార్లు వదిలేయక తప్పదు. కాగితం కనీసం 9 × 12 అంగుళాలు ఉండాలి. ఇంటి ప్రింటర్ సైజులో నోట్లు చిన్నవై స్టాండు మీద కనపడవు. రిహార్సల్ గుర్తులు (సాధనలో 'ఇక్కడినుంచి' అని చెప్పడానికి వేసేవి) పదేసి బార్లకు కాకుండా పదబంధం మారేచోట వేయండి. తాళవాద్యాల పార్టులను వాయించే మనుషుల వారీగా పంచండి. జైలోఫోన్ వాయించినవారే తర్వాత సింబల్ మోగించాలంటే, కర్రలు మార్చుకుని అక్కడిదాకా నడిచే వ్యవధి ఉండాలి. ఎంత కావాలో మీరే లేచి నడిచి, మనసులో బార్లు లెక్కపెట్టి చూడండి.