ఇప్పుడొచ్చే బొమ్మల సినిమాలన్నిటికీ పీజీ ఎందుకు ఉంటోంది?

మీరు అడిగినవి రెండు. మీ చిన్నప్పటి డిస్నీ సినిమాలకి అమెరికాలో జీ (అన్ని వయసుల వాళ్లూ చూడవచ్చు) రేటింగ్ ఉండేది, ఇప్పుడొచ్చేవాటికి అన్నిటికీ పీజీ (తల్లిదండ్రులు చూసుకుని చూపించాలి) కనిపిస్తోంది, అంటే పిల్లల సినిమాలు పాడైపోయినట్టేనా అన్నది మొదటిది. అయిదేళ్ల బాబుకి పీజీ సినిమా చూపించవచ్చా అన్నది రెండోది. మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది మీ బాబు ఈడుదే. శుక్రవారం రాత్రి ఇంట్లో అందరం కలిసి సినిమా చూడటం మాకు అలవాటు. పాతవీ కొత్తవీ చాలా చూశాం కాబట్టి చెప్తున్నాను: సినిమాలు మారినదానికంటే కొలబద్ద ఎక్కువ మారింది. 1994 నాటి జీని ఇప్పటి పీజీ పక్కన పెట్టి పోల్చకండి.

అమెరికాలో ఈ రేటింగులు మొదలైంది 1968 నవంబరులో. అప్పుడు జీ, ఎం (చూపించాలో వద్దో తల్లిదండ్రులు తేల్చుకోవాలి), ఆర్ (పిల్లలు పెద్దవాళ్లతో వస్తేనే), ఎక్స్ (పిల్లలకి ప్రవేశం లేదు) అని నాలుగే. ఎం అంటే పెద్దవాళ్ల సినిమా అని జనం పొరబడుతున్నారని 1970లో దాన్ని జీపీ చేశారు, 1972లో పీజీ చేశారు. ఆ రోజుల్లో జీ అంటే చంటిపిల్లల సినిమా అని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. 1968లోనే వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి, ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’కి కూడా జీ ఇచ్చారు. ఆ రెండోది ఇప్పుడు మా చిన్నదానికి చూపించమంటే నేను ఒప్పుకోను.

డిస్నీ బొమ్మల సినిమాల్లో మొదటి పీజీ 1985లో వచ్చిన ‘ది బ్లాక్ కాల్డ్రన్’. అస్థిపంజరాల సైన్యం, కొమ్ముల రాజు, చూస్తే పెద్దవాళ్లకే ఒళ్లు జలదరిస్తుంది. విడుదలకి ముందే కొన్ని నిమిషాలు కత్తిరించినా పీజీయే వచ్చింది, సినిమా ఆడలేదు. దానికి ముందటి ఏడాదే పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లలకి తగకపోవచ్చు) పుట్టింది. ‘ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్’, ‘గ్రెమ్లిన్స్’ పీజీతో వచ్చేసరికి తల్లిదండ్రులు గొడవ చేశారు, దాంతో పీజీకీ ఆర్‌కీ మధ్య ఒక మెట్టు కట్టారు. నా లెక్కలో అసలు మలుపు ఇదే. కాస్త గట్టి సినిమాలు పై మెట్టెక్కిపోయాయి, పీజీ మెత్తబడటం మొదలైంది. ఆ మెత్తబడిన చోటికే తర్వాత బొమ్మల సినిమాలు వచ్చి చేరాయి.

చేరడానికి సమయం పట్టింది. తొంభైల్లో డిస్నీ వాళ్లవి దాదాపు అన్నీ జీయే. ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్’ (1996) చూశారా? ఒక న్యాయాధికారి మంట ముందు నిలబడి, తనకి దక్కని ఆడదాన్ని కాల్చేస్తానని పాట పాడతాడు. అది జీ! మా పెద్దది ఆ పాటలో సగం అర్థం కాక నన్ను అడిగింది, నాకు జవాబు చెప్పడం కష్టమైంది. 2001లో ‘ష్రెక్’ పీజీతో వచ్చి పెద్ద హిట్ అయ్యాక, పీజీ ఉంటే జనం రారన్న భయం పోయింది. 2004లో ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ పిక్సార్‌కి తొలి పీజీ. ఇక డిస్నీ సొంత యానిమేషన్ స్టూడియో సంగతి చూస్తే, 2011 నాటి ‘విన్నీ ద పూ’ తర్వాత థియేటర్లకి వచ్చిన వాళ్ల సినిమాలు ‘ఫ్రోజెన్’, ‘జూటోపియా’, ‘మోనా’, ‘ఎన్‌కాంటో’ అన్నీ పీజీలే. పదేళ్ల పిల్లలకి జీ అంటే చిన్నపిల్లల సినిమా అన్న చిన్నచూపు వచ్చేసింది. మా పెద్దదే జీ అని కనపడగానే ముఖం చిట్లిస్తుంది. స్టూడియోలకి ఇది తెలియక కాదు. పీజీ ఇప్పుడు వాళ్లకి అడ్డు కాదు, ఇంటిల్లిపాదినీ థియేటర్‌కి రప్పించే ముద్ర.

ఒకటే కథకి రెండు కాలాల్లో వచ్చిన రేటింగ్ చూడండి. 1994 ‘ది లయన్ కింగ్’కి జీ. 2019లో మళ్లీ తీసినదానికి పీజీ. అదే ముఫాసా, అదే కొండచరియ, అదే తండ్రి చావు. బొమ్మ నిజం సింహంలా మారింది కాబట్టి భయం పెరిగిందని కొంత అనుకోవచ్చు. కానీ మా ఇంట్లో చిన్నది ఎక్కువ ఏడ్చింది పాతదానికే. కొత్తది తెలుగులో నాని, జగపతిబాబు గొంతులతో చూసినప్పుడు టిమోన్, పుంబాల దగ్గర పడీపడీ నవ్వింది. ‘ఫైండింగ్ నీమో’ (2003) కూడా జీయే, తొలి కొన్ని నిమిషాల్లోనే తల్లి చేపా గుడ్లూ పోతాయి. ‘ఫ్రోజెన్’ పీజీ, దాన్ని మాత్రం మా చిన్నది మూడేళ్లకే హాయిగా చూసేసింది.

ఇది ఒక్క అమెరికా ముచ్చట కాదు. బ్రిటన్‌లో 1938లో ‘స్నో వైట్’కి ‘ఏ’ అనే సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పిల్లలు పెద్దవాళ్లతో కలిసి వస్తేనే చూడాలి. అదే తర్వాత ‘యు’ (అందరూ చూడవచ్చు) అయింది. కుందేళ్ల కథ ‘వాటర్‌షిప్ డౌన్’ ఎదురు దారిలో నడిచింది. 1978లో యు ఇచ్చారు, పిల్లలు హడలిపోతున్నారని ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాయి, చివరికి 2022లో దాన్ని పీజీ చేశారు. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. మన ఇండియాలో 1983 దాకా ‘యు’, ‘ఏ’ (మన దగ్గర దీని అర్థం పెద్దలకి మాత్రమే) ఈ రెండే ఉండేవి. అప్పుడు యు/ఏ చేర్చారు, పన్నెండేళ్ల లోపు వాళ్లకి పెద్దల తోడు కావాలని. మూడేళ్ల పిల్లాడికీ పదకొండేళ్ల వాడికీ ఒకటే మాట! 2023లో చట్టం సవరించి 7+, 13+, 16+ అని విడగొట్టారు. ఇది ఎప్పుడో జరగాల్సింది. మీ అమ్మానాన్నలు ఇండియాలో పిల్లలకి ఏదైనా పెట్టేముందు ఆ అంకె చూడమని చెప్పండి, పీజీ కంటే వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక చూపించవచ్చా అన్నదానికి వస్తాను. అక్షరం కంటే దాని కింద చిన్నగా రాసే కారణం చదవండి. ‘మోనా’కి ప్రమాదం, కొన్ని భయపెట్టే దృశ్యాలు అని ఉంటుంది. ‘ఫ్రోజెన్’కి కొంత యాక్షన్, కాస్త మొరటు హాస్యం. ‘రాంగో’కి పొగతాగడం కూడా రాశారు, ఎందుకంటే 2007 నుంచి రేటింగ్ ఇచ్చేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారు. నేను పెద్దగా పట్టించుకోనిది మొరటు హాస్యం. ఆగి చూసుకునేది భయపెట్టే దృశ్యాలు అన్నచోట.

ఆ ఒక్క లైన్‌లో పట్టనిది దుఃఖం. ‘అప్’ సినిమాకి కారణం ప్రమాదం, యాక్షన్ అని రాశారు. మొదటి పది నిమిషాల్లో భార్యాభర్తల జీవితమంతా మాటల్లేకుండా గడిచిపోతుందని, ఆమె చనిపోతుందని ఆ లైన్ చూస్తే తెలియదు. మా చిన్నదానికి అక్కడ ఏమీ అనిపించలేదు, బెలూన్లు ఎప్పుడొస్తాయని అడుగుతూ కూర్చుంది. పక్కన మా అత్తయ్యే కళ్లు తుడుచుకున్నారు, మావయ్యగారు పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. అందుకే ఇంట్లో ఈమధ్య ఏదైనా చావో, విడిపోవడమో జరిగి ఉంటే రేటింగ్‌తో సరిపెట్టుకోకుండా కథ ముందే చదవండి. కామన్ సెన్స్ మీడియా సైట్‌లో ఏ వయసుకి ఏది ఇబ్బందో వివరంగా ఉంటుంది, బ్రిటన్‌లో రేటింగులిచ్చే బోర్డు సైట్‌లో కూడా చాలా సినిమాలకి దృశ్యాల వరకూ రాస్తారు. నేను రెండూ చూస్తాను.

మీ బాబుకి అయిదేళ్లంటే ‘ఫ్రోజెన్’ నిస్సందేహంగా పెట్టండి. ‘మోనా’ కూడా పరవాలేదు, చివర్లో లావా రాక్షసి వచ్చేటప్పుడు సౌండ్ తగ్గించి పక్కన కూర్చోండి. ‘లయన్ కింగ్’ పాతది జీ కదా అని ఒంటరిగా వదిలి వంటింట్లోకి వెళ్లకండి. ‘హంచ్‌బ్యాక్’ ఇంకో నాలుగైదేళ్లు ఆగవచ్చు. వాడికి ముఖ్యంగా దేనికి భయమో, చీకటికా, పెద్ద చప్పుళ్లకా, అమ్మ కనపడకపోతేనా, అది కింద రాయండి. మేం చూసినవాటిలో వాడికి నప్పేవి చెప్తాను.