మైకుకు అరవై వేలు ఇవ్వాలా, ఎంబీఏలో చేర్చాలా?

ప్రశ్న: మేడమ్, మాది పుత్తూరు. మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా అమ్మాయి తిరుపతిలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. ఎంబీఏలో చేరమంటే వినడం లేదు. రెండేళ్లుగా వాట్సాప్ ఛానల్‌లో ఊరి వార్తలు ఏవేవో పెడుతోంది, పన్నెండు వందల మంది చూస్తారట. ఇప్పుడు యూట్యూబ్‌లో సొంత న్యూస్ ఛానల్ పెడతాను, కెమెరాకు, మైకుకు అరవై వేలు ఇవ్వమంటోంది. కాదంటే జర్నలిజంలో పీజీ చేస్తుందట. ఎంబీఏ, పీజీ, ఛానల్, ఈ మూడింట్లో దేనికి భవిష్యత్తు ఉంది? ఇంట్లో అందరూ ఆడపిల్లకు విలేకరి పనేంటి అంటున్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి? ఛానల్ లింకు పంపుతున్నాను. మూడూ పోల్చి చెప్పండి.

జవాబు: అన్నా, ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు రెండు మూడు వస్తాయి. పీలేరు నుంచి ఒకాయన కొడుకు ఫోటోగ్రఫీ అంటున్నాడని రాస్తాడు, పలమనేరు నుంచి ఒకామె కూతురు వంట వీడియోలు అంటోందని రాస్తుంది. కోర్సులు మారతాయి, చివరి వరుస మారదు. నలుగురికీ ఏమని చెప్పుకోవాలి? మీ టెన్షన్ కూడా అక్కడే ఉంది. పోలిక తప్పకుండా చెబుతాను గానీ, ముందు మీరు పంపిన లింకు సంగతి.

రాత్రి భోజనం అయ్యాక తెరిచాను. పది నిమిషాలు చూద్దామనుకున్నదాన్ని గంట కూర్చున్నాను. ఏ వీధికి ఏ పూట నీళ్లు వదులుతారు, గవర్నమెంట్ ఆసుపత్రికి పిల్లల డాక్టరు ఏ రోజు వస్తారు, ఏ రోడ్డు ఎన్నాళ్లు తవ్వుతారు, ఇవీ అందులో ఉన్నవి. మామిడి సీజన్‌లో అయితే తోతాపురి రేటు. 2025లో ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించిన సంగతి అందరికీ తెలుసు. మీ అమ్మాయి ఫ్యాక్టరీ గేటు దాకా పోయి, బయట ఎన్ని ట్రాక్టర్లు క్యూలో ఉన్నాయో లెక్కపెట్టి, రైతు చేతికి ఇచ్చిన చీటీలో ఎంత రాశారో అడిగి పెట్టింది.

ఒక పోస్టు దగ్గర ఆగిపోయాను. పొద్దున 6:50కి పెట్టింది: 'ఈరోజు మగ్గాల వీధుల్లో 9 నుంచి 2 దాకా కరెంటు ఉండదు.' 8:15కి దాని కింద ఇంకొకటి: 'కరెంటు 12కే వస్తుందని లైన్‌మన్ అన్న చెప్పారు. ఏఈ ఆఫీసులోనూ అడిగాను, నిజమే. పొద్దున 2 అని పెట్టాను, తప్పు నాదే. మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు చూసుకోండి.'

పాత పోస్టును చెరిపేయలేదు. అలాగే ఉంచి, కింద సరిదిద్దింది. ముప్పై ఏళ్లు వార్తలు రాసినవాళ్లకు కూడా 'తప్పు నాదే' అని రాయడానికి చెయ్యి రాదు. ఈ పిల్లకు ఎవరు నేర్పారో గానీ, పీజీలో కూర్చోబెట్టి నేర్పాల్సిన పాఠం ఇది.

దీన్ని మీరు 'ఏవేవో' అన్నారు. అసలు మీరు ఆ ఛానల్‌లో చేరారా? 'చూస్తారట' అని రాశారంటే చేరలేదనే అనుకుంటున్నాను. పుత్తూరులో మోటార్ వైండింగ్ షాపు అంటే మీ దగ్గరికి వచ్చేవాళ్లలో మరమగ్గాల వాళ్లే ఎక్కువ ఉంటారు. వాళ్లు మీ కూతురు పెట్టింది చూసి షిఫ్టు మార్చుకుంటున్నారేమో, ఎప్పుడైనా అడిగారా? కోపం తెచ్చుకోకండి, కాస్త గట్టిగానే అంటున్నాను. కాలిపోయిన మోటార్ తెస్తే విప్పి చూడకుండా మీరు రేటు చెప్పరు. కూతురి పనికి మాత్రం విప్పి చూడకుండానే రేటు కట్టేశారు.

ఇంకొక మాట. మీ వీధిలో కాలువ పొంగితే ఎవరికి ఫోన్ చేస్తారు? మున్సిపాలిటీకి ఒకసారి చేసి, పని కాకపోతే తెలిసిన విలేకరికి చేస్తారు. మనందరం అదే చేస్తాం. ఆ విలేకరి ఎవరి ఇంటి పిల్లవాడైనా ఫర్వాలేదు, మన ఇంటి పిల్ల కాకూడదు. ఇదేం న్యాయం అన్నా?

ఇక యూట్యూబ్ ఛానల్. ఇక్కడ మాత్రం నేను మీ అమ్మాయి పక్షాన లేను. తను కూడా ఇది చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

ఇప్పుడు మన జిల్లాల్లో ఈ గాలి బాగా వీస్తోంది. తిరుపతిలో ఏ ప్రెస్ మీట్‌కు పోయినా మాట్లాడేవాడి ముఖం కనపడదు, ముందంతా గొట్టాలు, ఒక్కో గొట్టానికి ఒక్కో లోగో. ఫోన్ ఉంది, మైకు ఉంది, ఇంకేం కావాలి అనుకుంటారు పిల్లలు. డబ్బు ఏ దారిలో వస్తుందో కూర్చుని కాగితం మీద రాసినవాళ్లు నాకు తక్కువ కనిపించారు.

యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రయిబర్లు ఉండాలి, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండాలి. కష్టపడితే ఆ గేటు దాటొచ్చు. చిక్కంతా గేటు దాటాకే. 2011 జనాభా లెక్కల్లో పుత్తూరు పట్టణంలో ఉన్నది యాభై నాలుగు వేల మంది. పుత్తూరు నీళ్ల ట్యాంకు సంగతి పుత్తూరు వాళ్లకే కావాలి. చెన్నైలో, హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఎందుకు? ఊరు ఊరంతా చూసినా ప్రకటనల మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. వ్యూస్ పెరగాలంటే ఊరు దాటాలి. ఊరు దాటాలంటే సినిమా వాళ్ల గొడవో, నాయకుల తిట్లో, 'తిరుమలలో షాకింగ్ ఘటన' అనే ఎర్ర అక్షరాలో పెట్టాలి. ఆరు నెలలు తిరిగేసరికి ఛానల్ పేరులో పుత్తూరు ఉంటుంది, వార్తల్లో ఉండదు. ఇది మీ అమ్మాయి తెలివికి సంబంధించిన విషయం కాదు. ఆ డబ్బు పద్ధతే మనిషిని ఊరి నుంచి బయటికి లాగుతుంది.

పోనీ ఊళ్లో ప్రకటనలు తెచ్చుకుంటుందా? ఇచ్చేది ఎవరు? నగల షాపు, ప్రైవేటు స్కూలు, నాయకుడి పుట్టినరోజు. ఆ స్కూలు బస్సుకు ఫిట్‌నెస్ లేదని రేపు తెలిస్తే రాయగలదా?

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు కోవిడ్ రోజుల్లో చిత్తూరులో ఛానల్ పెట్టాడు. ఎక్కడ బెడ్లు ఉన్నాయి, ఎక్కడ ఆక్సిజన్ ఉంది అని రోజూ తిరిగి చెప్పేవాడు. జనం నెత్తిన పెట్టుకున్నారు. ఎన్నికలు వచ్చేసరికి ఒక అభ్యర్థి మనిషి వచ్చి నెలకు ఇంత అని మాట్లాడుకున్నాడు. 'మూడు నెలలే కదా మేడమ్' అన్నాడు నాతో. ఆ మూడు నెలలూ ఊరి వార్త ఒక్కటి లేదు. ఓట్లు పడ్డాక డబ్బు ఆగిపోయింది, జనం అంతకు ముందే ఆగిపోయారు. ఇప్పుడు పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేస్తున్నాడు. సంపాదన బాగానే ఉంది, అది వేరే సంగతి.

ఛానల్ అనగానే ఇంకో రకం మనుషులు తగులుతారు. 'మీ యూట్యూబ్ ఛానల్‌కు ప్రెస్ రిజిస్ట్రేషన్ ఇప్పిస్తాం, ఐడీ కార్డు, బండికి స్టిక్కర్ ఇస్తాం' అని ఐదు వేలో పది వేలో అడుగుతారు. 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం అచ్చయ్యే పత్రికలకు సంబంధించినది, యూట్యూబ్ ఛానల్‌కు అందులో చోటు లేదు. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. చెప్పాలంటే, ఊళ్లో విలేకరి అంటే వసూళ్లు అనే పేరు రావడానికి ఈ కార్డులూ ఒక కారణమే.

పత్రికలో మండల విలేకరిగా చేరితే ఏమవుతుందని కూడా అడుగుతారు. చాలాచోట్ల అది జీతం ఉద్యోగం కాదు. అచ్చయిన వార్తకు కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు, ప్రకటనలు తెస్తే కమీషన్. పండక్కి యాడ్ టార్గెట్ ఉంటుంది. అది చేరకపోతే జేబులోంచి కట్టినవాళ్లను చూశాను. పని నేర్చుకోవడానికి ఒక ఏడాది మంచిదే. దాన్నే నమ్ముకుని పెళ్లీ పిల్లలూ అంటే కష్టం.

సరే, పోలిక. ఎంబీఏ గురించి నేను చెప్పేది ఏమీ లేదు. ఇష్టం లేని పిల్లను ఫీజు కట్టి కూర్చోబెడితే రెండేళ్ల తర్వాత మీరు నాకు ఇంకో ఉత్తరం రాస్తారు. పత్రికల వాళ్లు నడిపే జర్నలిజం స్కూళ్లలో స్టైపెండ్ ఇచ్చి నేర్పుతారు, తెలుగు రాయడం చేతికి వస్తుంది. కానీ ఊరు వదలాలి, తర్వాత కొన్నేళ్లు అక్కడే పనిచేయాలని ఒప్పందం ఉంటుంది. చదివి సంతకం పెట్టాలి. పీజీ అయితే తిరుపతిలోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. ఎంట్రన్స్ సంగతి మీ అమ్మాయికి మనిద్దరికంటే బాగా తెలుసు, అది వదిలేద్దాం. పుత్తూరు నుంచి తిరుపతికి రోజూ వెళ్లి రావచ్చు, ఊరి ఛానల్ ఆగదు. చదువు అయ్యాక ఆకాశవాణి, టీటీడీ వాళ్ల టీవీ ఛానల్ ఎస్వీబీసీ, పేపర్ల డెస్కులు, వెబ్ డెస్కులు ఉన్నాయి. ప్రభుత్వ పౌర సంబంధాల శాఖ ఉద్యోగాలు ఎప్పుడో ఒకసారి పడతాయి, వాటి కోసం కూర్చోవద్దు. నా ఓటు పీజీకి. పోలిక ఇంతే, ఇంకా పెద్దగా ఆశించి ఉంటే క్షమించండి.

ఎందుకంటే మీకు కావాల్సింది పోలిక కాదని నాకు తెలుసు. ఈ పనికి గౌరవం ఉందా అని మీరు అడుగుతున్నారు.

2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ పడింది, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ రాత్రి మా బంధువులు మేడ మీద కూర్చుని నాకు ఫోన్ చేశారు. 'చెరువు తెగిపోయిందని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?' నేను ముగ్గురికి ఫోన్ చేశాను, ఒక్కరూ గట్టిగా చెప్పలేకపోయారు. 'ఇప్పుడే కట్ట మీద ఉన్నాను, తెగలేదు, టైము పదకొండున్నర' అని చెప్పే మనిషి ఒక్కరు ఉంటే ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టేదో. 2025 జనవరి 8న తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయింది తిరుపతిలో, వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో. బయటివాళ్లు ఇప్పటికీ తిరుమల తొక్కిసలాట అంటారు. కొండ మీద ఏది, కొండ కింద ఏది అని తెలిసినవాళ్లు చెప్పాల్సిన వార్తలు చాలా ఉన్నాయి.

ఆడపిల్లకా అంటారా? 1989లో ఈనాడు పేపరుతో పాటు జిల్లాకో చిన్న సైజు పేపరు (టాబ్లాయిడ్) ఇవ్వడం మొదలుపెట్టాక ఊళ్లో బోరు చెడిపోయినా పేపర్లో వస్తుందన్న నమ్మకం జనానికి వచ్చింది, కానీ ఆ విలేకరులు దాదాపు అందరూ మగవాళ్లే. 2001లో మన చిత్తూరు జిల్లాలోనే పొదుపు సంఘాల ఆడవాళ్లు 'నవోదయం' అనే పత్రిక మొదలుపెట్టారు. వాళ్లే తిరిగి, వాళ్లే రాసి, వాళ్లే నడిపారు. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో పల్లె ఆడవాళ్లు 'ఖబర్ లహరియా' పెట్టారు, అది తర్వాత ఫోన్లలోకి, వీడియోల్లోకి వచ్చి ఇంకా నడుస్తోంది. వాళ్లలో చాలామందికి మీ అమ్మాయికి ఉన్నంత చదువు లేదు.

భయం ఉండాల్సిన చోట ఉండనివ్వండి. అర్ధరాత్రి యాక్సిడెంట్ జరిగిన చోటికి ఒంటరిగా పరుగెత్తాల్సిన పని లేదు. పొద్దున్నే పోయి, ఆ మలుపు దగ్గరే ఎందుకు పదే పదే జరుగుతోందో అడగొచ్చు. అదే అసలైన వార్త. చట్టం తెలియాలి. పరువు నష్టం కేసులో రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. బాధితులైన పిల్లల పేరు, ఫోటో, ఊరు, స్కూలు పెట్టడం నేరం. డిజిటల్ వార్తలకు 2021 నుంచి వేరే నిబంధనలు ఉన్నాయి, ఫిర్యాదు వస్తే 15 రోజుల్లో తేల్చాలి. నేను పీజీ అంటున్నది సగం ఇందుకే.

అరవై వేలు ఇవ్వకండి. ఒక మంచి కాలర్ మైకు కొనివ్వండి, చాలు. మిగిలింది పీజీ ఫీజుకు. ఆర్టీఐ దరఖాస్తుకు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి, నెలకు రెండు వేయమనండి. బీకాం చదివిన పిల్ల, మున్సిపాలిటీ బడ్జెట్ పుస్తకం తెరిచి చదవగలదు. విలేకరుల్లో ఆ పని చేసేవాళ్లు ఎంత తక్కువో చెబితే నమ్మరు. పన్నెండు వందల మందిలో మూడు వందల మంది నెలకు 20 రూపాయలు ఇస్తారేమో అడిగి చూడమనండి. ఇస్తే నెలకు ఆరు వేలు, ఏ నాయకుడికీ చెయ్యి చాపక్కర్లేని ఆరు వేలు. ఇవ్వకపోతే అదీ ఇప్పుడే తెలిసిపోతుంది, అరవై వేలు పెట్టాక కాకుండా. పక్కన నాలుగు షాపులకు జీఎస్టీ లెక్కలు చూసుకుంటే ఇంకా నయం. అలా రెండు పనులు చేసుకునేవాళ్లే ఈ రంగంలో నిలబడటం నేను చూశాను.

సంబంధాల వాళ్లు అడిగితే 'మా అమ్మాయి పుత్తూరు వార్తలు రాస్తుంది' అనండి. అబ్బాయి తరఫువాళ్లకు ఫోన్‌లో ఆ కరెంటు పోస్టు తీసి చూపించండి. చూశాక కూడా వద్దనేవాళ్లు ఉంటే, ఇప్పుడే వద్దన్నందుకు సంతోషపడండి.

అన్నట్టు, ఆమె నిన్న పెట్టిన పోస్టులో మెయిన్ బజారు వైపు శనివారం నీళ్లు రావని ఉంది. మీ షాపు అటువైపే అయితే శుక్రవారం రాత్రే డ్రమ్ములు నింపుకోండి.