దావీదుకి దేవుడు తోడున్నాడంటే ఆయన చేసిన ప్రతి యుద్ధం దేవుడు మెచ్చినట్టేనా?

ఇశ్రాయేలు రాజు దావీదు ఎక్కడికి వెళ్ళినా యెహోవా గెలిపించాడని బైబిల్లో రాసి ఉంది కదా, అంటే ఆ యుద్ధాలన్నీ దేవుడికి ఇష్టమైనవేనా అని అడిగారు. నా జవాబు కాదనే. నేను పాస్టర్ని కాదు, ఏడేళ్ళు సండే స్కూల్లో పిల్లలకి చెప్పానంతే, కానీ ఈ మాటతో నాకు సొంత గొడవ ఒకటి ఉంది.

ఒక డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో బైబిల్ వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు తీస్తే నాకు రెండో సమూయేలు 8లోని ఆ మాటే వచ్చింది. అప్పుడు గ్రూప్-2కి చదువుతున్నాను. ఇంకేముంది, ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నా, అమ్మయితే చుట్టాలకి ఫోన్లు చేసి మరీ చెప్పింది. ప్రిలిమ్స్ కూడా దాటలేదు. ఆ కోపంలోనే కార్డు మీది ముక్క వదిలేసి అధ్యాయం మొత్తం మొదటిసారి చదివాను.

రెండో వచనంలోనే ఆగిపోయాను. ఓడిపోయిన పొరుగు దేశం మోయాబీయుల్ని నేల మీద పడుకోబెట్టి తాడుతో కొలుస్తారు, రెండు తాళ్ళ పొడవున ఉన్నవాళ్ళని చంపేసి ఒక తాడు పొడవున ఉన్నవాళ్ళని బతకనిస్తారు. దావీదు తాత ఓబేదుని కన్న రూతు మోయాబు మనిషే, తనకి ముందున్న రాజు సౌలుకి భయపడి తిరిగిన రోజుల్లో దావీదు తన తల్లిదండ్రుల్ని అప్పజెప్పింది కూడా మోయాబు రాజుకే. మరి ఎందుకిలా చేశాడో అక్కడ ఒక్క ముక్క లేదు. తర్వాత ఎప్పుడో ఇది పిల్లలకి చెప్తూ బట్టలారేసే తాడు నేల మీద పరిచి చూపిస్తే, ఐదో తరగతి కుర్రాడు "అన్నా, తాడు అంచున పడుకున్నోడు ఎటు లెక్క?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

మీరు చెప్పిన మాట ఆ అధ్యాయంలో రెండుసార్లు వస్తుంది, దమస్కులో దండు పెట్టాక ఒకసారి, ఏదోములో పెట్టాక ఇంకోసారి. తాడు కొలత పక్కన మాత్రం లేదు. దీన్ని మరీ సాగదీయను గానీ నాకది చిన్న తేడాగా అనిపించదు.

మీరు అసలు చూడాల్సింది దానికి ముందున్న 5వ అధ్యాయం. శత్రువులైన ఫిలిష్తీయులు రెఫాయీము లోయలోకి దిగితే దావీదు ముందు అడిగాడు, వెళ్ళమన్నాడు దేవుడు, గెలిచాడు. వాళ్ళు మళ్ళీ అదే లోయలోకి వచ్చారు. మనమైతే మొన్నటి ప్లానే వాడేస్తాం, ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి ఎదురుగా పోవద్దు, వెనకగా చుట్టి వెళ్ళు, కంబళి చెట్ల కొనల్లో అడుగుల చప్పుడు వినిపించాక కదులు అని వచ్చింది. అంటే మొన్నటి గెలుపు ఇవాళ్టి యుద్ధానికి చెల్లలేదు. ఇక 11వ అధ్యాయానికి వస్తే అడగడం మాటే ఉండదు, సైన్యం అమ్మోనీయుల రబ్బా కోట చుట్టూ ఉంటే రాజు యెరూషలేములో మేడ మీద తిరుగుతుంటాడు, ఊరియా భార్య బత్షెబతో పాపం చేసిన కథ అక్కడే మొదలు, చివరికి ఆ కోట గోడ దగ్గరే ఊరియాని చంపిస్తాడు.

చరిత్ర వైపు నుంచి చూసేవాళ్ళు, క్రీస్తు పూర్వం 1000 ప్రాంతంలో ఐగుప్తు (ఈజిప్టు), అష్షూరు (అస్సీరియా) రెండూ బలహీనపడ్డాయి కాబట్టి చిన్న రాజ్యాలకి చోటు దొరికిందంటారు. అదీ నిజమే, నాకేం ఇబ్బంది లేదు.

ఇంకొకటి. మొదటి దినవృత్తాంతాలు 22లో దావీదే కొడుకు సొలొమోనుకి చెప్తాడు, నువ్వు చాలా రక్తం ఒలికించావు, నా మందిరం నువ్వు కట్టకూడదని దేవుడు తనతో అన్నాడని. అదే పుస్తకం 18లో, దావీదు ఓడించిన సోబా రాజు హదదెజెరు పట్టణాల నుంచి దావీదు తెచ్చిన ఇత్తడితోనే సొలొమోను మందిరానికి స్తంభాలు, ఇత్తడి సముద్రం అనే పెద్ద నీళ్ళ తొట్టి చేయించాడని ఉంటుంది. ఇత్తడి తీసుకున్నారు, తెచ్చినాయన్ని మాత్రం కట్టనివ్వలేదు.