నెలలు నిండుతున్నాయి, బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో మనకు తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది. ముందు తన్నులు ఎక్కడ పడుతున్నాయో గమనించండి. పక్కటెముకల కింద గట్టిగా తగులుతూ, ఎక్కిళ్ల తాలూకు సన్నని కుదుపులు పొత్తికడుపులో తెలుస్తుంటే తల కిందికే ఉండవచ్చు. పొట్టకు ఒక పక్క నున్నగా, గట్టిగా తగిలేది వీపు. తన్నులు మూత్రాశయం మీద పడుతూ, పక్కటెముకల దగ్గర గుండ్రంగా గట్టిగా ఏదో తగులుతుంటే ఎదురుకాళ్లేమో అని అనుమానించాలి. అక్కడ మెల్లగా తాకి చూస్తే తల ఒక్కటే అటూ ఇటూ కదులుతుంది, పిరుదులైతే ఒళ్లంతా కదులుతుంది.

మాయ గర్భసంచి ముందు గోడకు ఉంటే తన్నులు సరిగా తెలియవు. అనుభవమున్న చేతులే ఒక్కోసారి పొరబడతాయి, అందుకే స్కానింగ్‌తో ఖాయం చేసుకోవాలి.

32 వారాలప్పుడు ఎదురుకాళ్లతో ఉన్నా దిగులు వద్దు, చాలామంది పిల్లలు తర్వాత తిరుగుతారు. 36 వారాలు దాటినా తిరగకపోతే, పొట్ట మీద నుంచి తిప్పే వీలుందా అని డాక్టరును అడగండి. ఇంట్లో మాత్రం ఎవరితోనూ పొట్ట నొక్కించుకోకండి. బిడ్డ ఎదురుకాళ్లతోనో అడ్డంగానో ఉండగా ఉమ్మనీరు పోతే బొడ్డుతాడు జారే ప్రమాదం ఉంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కదలికలు తగ్గినా అంతే, తెల్లారే దాకా ఆగవద్దు.