‘సమాజాన్ని ప్రతిబింబిస్తుంది’ తప్పా?

సందేహం: నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పదో తరగతి అమ్మాయి ఒకతె వ్యాసంలో ‘సాహిత్యం మానవ భావోద్వేగాలను వ్యక్తీకరిస్తుంది, సమాజాన్ని ప్రతిబింబిస్తుంది’ అని రాసింది. మా స్టాఫ్‌రూమ్‌లో పెద్దాయన ఒకరు చూసి, ‘సమాజాన్ని ప్రతిబింబించడమేంటమ్మా, ఇది తెలుగేనా?’ అన్నారు. ‘భావోద్వేగాలు’ కూడా ఆయనకు నచ్చలేదు. పేపర్లలో రోజూ చూసే మాటలే కదా. మార్కు తగ్గించాలా?

సమాధానం: తగ్గించకండి. ఆ పిల్ల రాసింది మనమంతా రాసేదే. నా పాత వ్యాసాలు తిరగేస్తే నాకే నాలుగైదు చోట్ల దొరికింది. అయినా మీ పెద్దాయన చెవి మంచిదని ఒప్పుకోవాలి.

ముందు ఇదే అర్థంలో వాడే ‘ప్రతిఫలించు’ చూడండి. అందులో ఉన్నది ‘ఫలించు’. చెట్టు ఫలిస్తుంది, ప్రయత్నం ఫలిస్తుంది. ‘ప్రయత్నాన్ని ఫలించాను’ అని ఎవరూ అనరు. అంటే అది కర్మ అక్కర్లేని క్రియ. ‘ప్రతిబింబించు’ దాని తోబుట్టువు. చెరువులో చంద్రుడు ప్రతిబింబిస్తాడు. చెరువు చంద్రుణ్ని ప్రతిబింబిస్తుందంటే ఎక్కడో పంటికింద రాయి తగులుతుంది. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఈ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. అద్దంలో ముఖం కనిపిస్తుంది. నీళ్లలో నీడ పడుతుంది. ఈ వాక్యాల్లో అద్దం, నీళ్లు ఏ పనీ చెయ్యవు. అవి చోటు మాత్రమే, అందుకే వాటికి ‘లో’ తగిలిస్తాం. ఆ లెక్కన ‘సమాజం సాహిత్యంలో ప్రతిబింబిస్తుంది’ అనాలి. సాహిత్యమే కర్తగా ఉండాలంటే ‘ప్రతిబింబింపజేస్తుంది’ అనొచ్చు. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ నోరు తిరగదు.

దానికన్నా మంచి పలుకుబడి మనకు ఎప్పట్నుంచో ఉంది: అద్దం పట్టడం. ‘ఈ కథ పల్లె జీవితానికి అద్దం పట్టింది.’ దేవుడికి చేసే ఉపచారాల్లో గొడుగు, వింజామరలతో పాటు ‘దర్పణం దర్శయామి’ అని అద్దం కూడా చూపిస్తారు కదా, ఆ పట్టడం లాంటిదే ఇదీ. ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే, అద్దం పట్టాలంటే పట్టే చెయ్యి ఒకటుండాలి. ఆ చెయ్యి ఎటు తిప్పితే అటువైపే కనిపిస్తుంది. ‘ప్రతిబింబిస్తుంది’ అన్నప్పుడు ఆ చెయ్యి మాయమై, పుస్తకం దానంతటదే సమాజాన్ని చూపిస్తున్నట్టు ఉంటుంది.

అద్దం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘దర్పణే ముకురాదర్శౌ’ అంటుంది. దర్పణం, ముకురం, ఆదర్శం మూడూ అద్దం పేర్లే. మనం మాత్రం ‘ఆదర్శం’ అంటే ఎలా ఉండాలో చూపించేది అని వాడుతున్నాం. సాహిత్యం ఉన్నదాన్ని చూపించాలా, ఉండాల్సినదాన్ని చూపించాలా అని సభల్లో గొంతులు పోయేలా వాదించుకుంటారే, ఆ రెండు పక్షాలూ ఈ ఒక్క మాటలోనే కాపురం ఉంటున్నాయి.

ఇక ‘భావోద్వేగాలు’. ఉద్వేగం అంటే కలవరం, అలజడి. భగవద్గీత పన్నెండో అధ్యాయంలో ‘హర్షామర్ష భయోద్వేగైః’ అని ఉంది. అక్కడ సంతోషం, అసహనం, భయం వేరు, ఉద్వేగం వేరు. నలుగురిలో అదీ ఒకటి, నలుగురికీ కలిపి పెట్టిన పేరు కాదు. ఇప్పుడు మనం దాన్నే అన్నింటికీ ఇంటిపేరు చేశాం. మనసు కుదుటపడటం కూడా ఒక భావమే, దాంట్లో ఉద్వేగమెక్కడిది? ఒక నాయకుడు సభలో ఏడిస్తే పేపరు ‘భావోద్వేగానికి గురయ్యారు’ అని రాస్తుంది, ఏదో ప్రమాదానికి గురైనట్టు. ‘కంటతడి పెట్టారు’ అంటే సరిపోయేది. మాట తప్పని నేననను, నిలదొక్కుకుంది. అయితే ‘సుఖదుఃఖాలు’, ‘రాగద్వేషాలు’ ఉండగా ప్రతిచోటా దీన్నే తెచ్చిపెట్టడం ఎందుకన్నదే నా గొడవ.

అసలు తెలుగులో భావాలు ఎలా నడుస్తాయో ఒకసారి వినండి. నాకు కోపం వచ్చింది. వాడికి సిగ్గేసింది. అమ్మకు దిగులు పట్టుకుంది. ఏడుపు ముంచుకొచ్చింది, మనసు చివుక్కుమంది. వీటన్నిట్లో కర్త భావమో, మనసో, మనిషి కాదు. భావం ఎక్కడినుంచో వస్తుంది, మనిషి తన పేరుకు ‘కి’, ‘కు’ తగిలించుకుని దానికి ఎదురు నిలబడతాడు. అద్దానికి ‘లో’ ఎలాగో, మనిషికి ‘కి’ అలాగ. ‘భయపడ్డాడు’ అనీ అంటాం, నిజమే. కానీ ‘వాడు భయపడ్డాడు’ అంటే పక్కనుంచి చూసి చెప్పినట్టుంటుంది, ‘వాడికి భయమేసింది’ అంటే వాడి లోపలికెళ్లి చెప్పినట్టుంటుంది. కథలు రాసేవాళ్లు ఈ తేడా తెలిసే వాడతారు. వచ్చిన ఇంగ్లీషు మాటలకూ ఇదే నడక అలవాటైంది: టెన్షన్ వస్తుంది, టెన్షన్ పడతాం. ‘ఫీలవకండి’ అయితే మరీ చిత్రం. మామూలుగా మనకు దానర్థం ‘నొచ్చుకోకండి’ అనే.

కన్యాశుల్కం చివర గిరీశం ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అంటాడు. కథ దానంతటదే తిరిగిందట, తను తిప్పింది ఏమీ లేదట! ఆ ఒక్క అకర్మక క్రియలో మనిషి మొత్తం దొరికిపోతాడు.

‘వ్యక్తీకరిస్తుంది’ గురించి మీరు అడగలేదు గానీ, నాకు ఎక్కువ బెంగ దానిమీదే. అన్ని భావాలకూ ఆ ఒక్క క్రియే అయితే రుచి పోతుంది. గోడు వెళ్లబోసుకుంటాం. అక్కసు వెళ్లగక్కుతాం. అభిప్రాయం వెలిబుచ్చుతాం. లేని ప్రేమ ఒలకబోస్తాం. ఉన్న ఆనందమైతే పట్టలేం. ఏ భావం బయటికి ఎలా వస్తుందో ఆ క్రియలోనే ఉంది.

అసలు భావం పేరు చెప్పేస్తే భావం కలగదని పాత ఆలంకారికులు, అంటే కావ్యం ఎలా ఉండాలో చెప్పిన శాస్త్రకారులు, గట్టిగా పట్టుబట్టారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలు చెబుతూ, రసాన్నీ, స్థాయినీ (నిలిచి ఉండే భావం), వ్యభిచారి భావాల్నీ (వచ్చిపోయేవి) వాటి పేర్లతో చెప్పడాన్ని మొదటి దోషంగా పెట్టాడు. ‘ఆమె శోకించింది’ అంటే శోకం కబురు మనకు చేరుతుంది, శోకం చేరదు. గురజాడ ‘పూర్ణమ్మ’ పాట చూడండి. ముసలివాడికి అమ్ముడుపోయిన పిల్ల, దుర్గ కొలనులో ప్రాణం తీసుకోబోతూ అన్నదమ్ములతో ఏమంటుంది? నలుగురూ కూర్చుని నవ్వుకునేటప్పుడు ఒకసారి నా పేరు తలుచుకోండి, మీకు పుట్టే పిల్లల్లో ఒకతెకు నా పేరు పెట్టుకోండి అంటుంది. ఆమె అన్నదాంట్లో ఏడుపు మాట లేదు. ఉన్నది నవ్వు మాట. నేను ఇన్నేళ్లుగా క్లాసులో చెబుతున్నా, అక్కడికి వచ్చేసరికి గొంతు సర్దుకోక తప్పదు.

అదే విషయం మీద అదే రచయిత ఇంకో చోట అంకెలు ఇచ్చాడు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం తొలి కూర్పుకు ఇంగ్లీషులో ముందుమాట రాస్తూ, విజయనగరం మహారాజు తయారు చేయించిన జాబితా ఒకటి ప్రస్తావించాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, అందులో 1,034. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. డబ్బు తీసుకున్నామని ఎవరూ ఒప్పుకోరు కాబట్టి ఈ జాబితా పూర్తిది కాదని కూడా ఆయనే రాశాడు. జాబితాకు ఎక్కని ఇళ్ల గడప లోపలికి వెళ్లి వచ్చినవి ఆ నాటకమూ, ఆ పాటా. 99 మందిలో ఎవరి పేరూ మనకు తెలియదు, పూర్ణమ్మ పేరు తెలుసు. మీ విద్యార్థిని రాయబోయింది ఇదే. వ్యాసాల భాష అడ్డొచ్చింది, అంతే.

ఆ వాక్యం కింద ఎర్రగీత వద్దు. పక్కన పెన్సిల్‌తో ఇలా రాసివ్వండి: ‘సాహిత్యంలో మనుషుల సుఖదుఃఖాలు పలుకుతాయి, సమాజం కనిపిస్తుంది.’ ‘పలుకుతాయి’ ఏమిటని అడిగితే, ఫలానా గాయకుడి గొంతులో కరుణ బాగా పలుకుతుంది అంటాం కదా, ఆ పలకడమే అని చెప్పండి. పెద్దాయనకు కూడా చూపించండి. ‘సమాజం’ బదులు ‘లోకం’ అంటే బాగుండేదని ఆయన అంటారని నా అనుమానం.