ఇంటికెళ్లే దారి ఎటుందో చూడు

చిరంజీవి అమ్మాయికి,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. కొత్త నగరంలో మీ కంపెనీ మొదటి సూపర్‌మార్కెట్ ఎక్కడ పెట్టాలో తేల్చే పని నీ నెత్తిన పెట్టారన్నమాట. ముప్పై ఏళ్లు నేను చేసిందీ ఇదే పని కాబట్టి నువ్వు అడక్కపోయినా నాలుగు మాటలు చెప్పేవాణ్ణే. అడిగావు కాబట్టి నలభై చెబుతాను, ఓపిగ్గా చదువు.

మూడు సైట్లు చూశానన్నావు. ఒకటి కొత్త ఆఫీసు టవర్ల మధ్య, మెయిన్ రోడ్డు మూల మీద. రెండోది ఊరి చివర రింగ్ రోడ్డు పక్కన. ఐదేళ్లలో ఇక్కడంతా ఇళ్లేనని బ్రోకర్ ఒట్టేసి చెబుతున్నాడట. మూడోది పాత పేటలో, పెద్ద రోడ్డుకి ఒక వీధి లోపల, మూతపడిన గోడౌన్. నీకు మొదటిది నచ్చింది, మీ బాస్‌కి రెండోది నచ్చింది. మూడోదాని గురించి ఒక్క లైను రాసి వదిలేశావు. నేను చివరికి అక్కడికే వస్తాను గానీ, ముందు వేరే సంగతి.

మీ చైన్‌కి మంచి పేరుంది. 'మా ఏరియాకి రండి' అని జనం వేలల్లో అడుగుతున్నారని పొంగిపోతూ రాశావు. అడిగేవాళ్లందరూ కొనరమ్మా. ఎక్కువ గట్టిగా అడిగేది చేతిలో తీరిక, ఇంటి దగ్గర ఇప్పటికే రెండు మూడు మంచి షాపులు ఉన్నవాళ్లే. వాళ్లకి మీరు వస్తే సరదా, రాకపోయినా రోజు గడిచిపోతుంది. రోజూ సాయంత్రం రెండు బస్సులు మారి సంచి మోసుకొచ్చే ఆవిడకి మీ పేజీలో కామెంట్ పెట్టే ఓపిక ఉండదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో, నగరంలో ఒక ఇంటికి పెద్ద గ్రోసరీ షాపు ఒక మైలు కంటే దూరమైతే అది అందుబాటులో లేనట్టే. మీ నగరం మ్యాపు మీద అదే కొలత పెట్టి చూడు. ఎవరూ అడగని పేటలు ఎన్ని బయటపడతాయో!

ఇక అసలు మాట. సరుకుల కోసమే ప్రత్యేకంగా బయల్దేరేది వారానికో పక్షానికో ఒకసారి. మిగతా రోజుల్లో సరుకులు కొనడం ఇంకో ప్రయాణానికి తోకలాంటిది. ఆఫీసు నుంచి వస్తూ, పిల్లల్ని స్కూలు నుంచి తెస్తూ, బస్సు దిగి నడుస్తూ కొంటారు. పొద్దున్నే పనికి పరిగెత్తేవాడు పాలు, కూరగాయలు కొని రోజంతా వెంట తిప్పుకోడు కదా. అందుకే రోడ్డుకి రెండు పక్కలా ఒకే అద్దె చెబితే నేను ఎప్పుడూ సాయంత్రం పక్కే అడిగేవాణ్ణి. బళ్లు ఎడమవైపు నడిచే దేశంలో అయితే, ఊరి మధ్య నుంచి ఇళ్లవైపు వెళ్తున్నప్పుడు ఎడమ చేతికి వచ్చే పక్క. కుడివైపు నడిచే చోట కుడి పక్క. మధ్యలో డివైడర్ ఉండి, యూటర్న్ అరకిలోమీటరు అవతల ఉందనుకో, ఎదురు పక్క షాపు కళ్లకి కనిపిస్తుందే గానీ కాళ్లకి అందదు. రేపొద్దున అక్కడ ఫ్లైఓవర్ వస్తుందా అని కూడా కార్పొరేషన్‌లో కనుక్కో. బళ్లన్నీ నెత్తి మీదుగా వెళ్లిపోతే బోర్డు ఎంత పెద్దది పెట్టినా లాభం లేదు.

ఈ సంగతి లాప్‌టాప్‌లో తెలియదు. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మూడు సైట్ల దగ్గరా నిలబడు. మామూలు రోజులు రెండు, ఒక శనివారం, ఒక ఆదివారం. మనుషుల్ని లెక్కపెట్టకు, సంచుల్ని లెక్కపెట్టు. ఎంతమంది చేతిలో సరుకుల సంచి ఉంది, దాని మీద ఎవరి పేరుంది, ఎటువైపు నడుస్తున్నారు? నా నోటు పుస్తకాల్లో సగం ఇవే గీతలు. మీ పెద్దమ్మ వాటిని చూసి, దొంగతనానికి ప్లాన్ వేస్తున్నట్టుందని నవ్వేది.

నువ్వు పంపిన మ్యాపు చూశాను. ప్రతి సైటు చుట్టూ మూడు కిలోమీటర్ల సున్నా గీసి, లోపలి జనాభా రాశావు. సున్నాలు చెరిపెయ్. మనిషి సున్నాలో నడవడు, దారిలో నడుస్తాడు. నీ రెండో సున్నాని రైలు పట్టాలు నిలువునా కోస్తున్నాయి. అవతల ఇళ్లు ఎన్ని ఉన్నా, గేటు పడితే పది నిమిషాలు ఆగాలంటే వాళ్లు నీ కస్టమర్లు కారు. కిలోమీటర్లు వదిలేసి నిమిషాల్లో గియ్యి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు, పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. అప్పుడొచ్చే వంకరటింకర ఆకారమే నీ నిజమైన క్యాచ్‌మెంట్, అంటే కస్టమర్లు వచ్చే ప్రాంతం. మామూలుగా అమ్మకాల్లో నూటికి అరవై, డెబ్బై వంతులు ఎక్కణ్ణుంచి వస్తాయో దాన్ని మొదటి వలయం అంటాం. నీ బలం అక్కడే తేలుతుంది.

సున్నాలు వద్దని చెప్పింది మొదట నేనేం కాదు. విలియం ఆపిల్‌బామ్ అనే భూగోళ నిపుణుడు ఈ పనికి ఒక పద్ధతి నేర్పాడు. షాపుకొచ్చిన కస్టమర్ల ఇళ్లు మ్యాపు మీద చుక్కలుగా పెట్టి చూడటం, కొత్త సైటుకి మన పాత షాపుల్లో దగ్గర పోలిక ఉన్నదాన్ని వెతికి దాని లెక్కతో అంచనా కట్టడం. మీ కంపెనీకి వేరే ఊళ్లలో షాపులు ఉన్నాయి కాబట్టి ఆ చుక్కలు నీ చేతిలో ఉన్నట్టే. డెలివరీ అడ్రసులు తీసుకో చాలు, పేర్లతో పని లేదు.

ఎదురుగా వేరే షాపు ఉంటే జనం ఎలా పంచుకుంటారో చూడ్డానికి డేవిడ్ హఫ్ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లలో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు. కష్టమేం కాదు. షాపు వైశాల్యాన్ని అక్కడికి పట్టే నిమిషాల వర్గంతో భాగించాలి. ఒక ఇంటికి పది నిమిషాల దూరంలో 20,000 చదరపు అడుగుల షాపుంది, ఐదు నిమిషాల దూరంలో 10,000 అడుగులది ఉంది అనుకో. మొదటిది 20,000ని 100తో భాగిస్తే 200. రెండోది 10,000ని 25తో భాగిస్తే 400. అంటే ఆ ఇంటివాళ్లు మూడుసార్లు బయల్దేరితే రెండుసార్లు చిన్న షాపుకే వెళ్తారన్నమాట. వర్గమే ఎందుకంటావా, అది ఊరిని బట్టి మారుతుంది, సరిచూసుకోవాలి. కానీ దగ్గరతనం సైజుని ఎలా ఓడిస్తుందో చూశావు కదా. ఈ లెక్కకి తెలియనిది ఒక్కటే. ఆ ఐదు నిమిషాల దారిలో వీధి దీపాలు లేవనీ, చీకటి పడ్డాక ఆడవాళ్లు అటు నడవరనీ దానికి తెలియదు. అది నువ్వు కళ్లతో చూసి చెప్పాలి.

నీ మొదటి సైటు సంగతి తొందరగా తేల్చేస్తాను. ఆఫీసుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, ఫుట్‌ఫాల్, అంటే వచ్చిపోయేవాళ్ల లెక్క, చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ వాళ్లు కొనేది మధ్యాహ్నం ఒక నీళ్ల సీసా, ఒక బిస్కెట్ పాకెట్. బిల్లుల సంఖ్య పెద్దది, బిల్లు చిన్నది. సెలవు రోజు ఆ వీధిలో పిట్ట ఉండదు. నెల సరుకులు కొనే రోజు సరిగ్గా అదే! గ్రోసరీలో ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలేది నూటికి ఒకటి నుంచి మూడు. అద్దె అమ్మకాల్లో ఇంకో రెండు శాతం ఎక్కువైతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. అక్కడ పెట్టాలంటే చిన్న షాపు పెట్టుకోండి, కానీ అది వేరే వ్యాపారం.

రెండోది చూస్తే నాకు పాత గాయం గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన ఎనిమిదో ఏట ఇలాంటి సైటే నేను పట్టుబట్టి పెట్టించాను. చుట్టూ రెండు వేల ఫ్లాట్లు, అన్నీ అమ్ముడైపోయాయని బిల్డర్ల కాగితాలు చూపించారు. నిజంగానే అమ్ముడయ్యాయి. అయితే కొన్నవాళ్లలో చాలామంది ధర పెరుగుతుందని కొన్నవాళ్లు. షాపు తెరిచిన వారం తర్వాత రాత్రి ఎనిమిదింటికి పార్కింగ్‌లో నిలబడి తలెత్తి చూస్తే బిల్డింగుకి ఐదారు కిటికీల్లోనే లైటు వెలుగుతోంది. కూరగాయలు రోజూ పారబోశాం. మూడేళ్లకి మూసేశాం. ఇంకో మూడేళ్లకి అదే షెడ్డులో వేరేవాళ్లు దిగారు, బ్రహ్మాండంగా నడిచింది. చోటు తప్పు కాదు, నేను వెళ్లిన టైము తప్పు. అదింకా మంట.

పెద్దవాళ్లకీ ఇలాంటి దెబ్బలు తగిలాయి. బ్రిటన్‌కి చెందిన సూపర్‌మార్కెట్ చైన్ టెస్కో 2007లో అమెరికాలో ఫ్రెష్ అండ్ ఈజీ పేరుతో షాపులు తెరిచింది. కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా అన్నీ అప్పట్లో ఇళ్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న చోట్లు. మరుసటి ఏడాదికల్లా ఇళ్ల మార్కెట్ కూలి, ఆ ప్రాంతాలే ఎక్కువ దెబ్బతిన్నాయి. 2013లో ఆ వ్యాపారం వదిలించుకున్నారు. అదొక్కటే కారణం కాదు, సరుకు తీరు కూడా అక్కడివాళ్లకి నప్పలేదన్నారు. కానీ రాబోయే జనం కోసం ముందే షాపు తెరిచినవాడు, ఆ జనం వచ్చేదాకా అద్దె, కరెంటు, జీతాలు చేతి నుంచి కట్టాలి.

కాబట్టి రింగ్ రోడ్డు దగ్గరికి రాత్రి వెళ్లు. వెలిగే కిటికీలు లెక్కపెట్టు. పొద్దున్నే స్కూలు బస్సులు ఎన్ని చోట్ల ఆగుతున్నాయో చూడు. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూడు. నవ్వకు, దానికి మించిన సర్వే లేదు. వాల్‌మార్ట్ పెట్టిన సామ్ వాల్టన్ చిన్న విమానం తనే నడుపుకుంటూ, ఊరు ఎటు పెరుగుతోందో పైనుంచి చూసి చోట్లు ఎంచుకునేవాడు. మనకి విమానం లేదు, బాల్కనీలు ఉన్నాయి. మీ బాస్ ఆ సైటు వదలనంటే, స్థలం మీద హక్కు మాత్రం ఇప్పుడే రాయించుకుని, చుట్టుపక్కల ఇన్ని ఇళ్లలో కాపురాలు దిగాకే అద్దె మొదలు అనే షరతు పెట్టమను. ఓనర్ ఒప్పుకోకపోతే, ఐదేళ్ల మాట మీద అతనికే నమ్మకం లేదని తెలిసిపోతుంది.

వాల్టన్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ఆయన షాపుల్ని అక్కడొకటి ఇక్కడొకటి చల్లలేదు. గోడౌన్ నుంచి ఒక్క రోజులో లారీ వెళ్లొచ్చే దూరంలో వరసగా నింపుకుంటూ పోయాడు. నువ్వు పెట్టేది ఒక్క షాపు కాదు, వచ్చే ఐదు షాపులకి మొదటి మేకు. నీ లారీ దారిలో రెండోది, మూడోది ఎక్కడ పడతాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూడు. మరీ దగ్గరగా పడితే కొత్తది పాతదాని బిల్లులే తింటుంది.

ఇప్పుడు ఆ పాత గోడౌన్. 1930లో మైకేల్ కల్లెన్ అనే ఆయన, తను పనిచేస్తున్న క్రోగర్ అనే అమెరికా గ్రోసరీ కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు. ఖరీదైన బజారుకి ఒకటి రెండు వీధులు లోపల, అద్దె తక్కువగా ఉండే పెద్ద చోటులో, బళ్లు ఆపుకునే వీలుతో భారీ షాపు పెడదామని. పైవాళ్లు పట్టించుకోలేదు. ఆయన ఉద్యోగం మానేసి, అదే ఏడాది న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక పాత గ్యారేజీలో కింగ్ కల్లెన్ తెరిచాడు. సూపర్‌మార్కెట్ల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది అక్కణ్ణుంచే మొదలుపెడతారు. నీ మూడో సైటు వర్ణన చదవగానే నాకు ఆ గ్యారేజీయే గుర్తొచ్చింది. పాత పేట, కిటికీలన్నీ వెలుగుతుంటాయి, బస్‌స్టాప్ నాలుగు అడుగుల్లో. చుట్టూ చిన్న షాపులు చాలా ఉన్నాయని మైనస్‌లో రాశావు. అవి ఏళ్ల తరబడి నడుస్తున్నాయంటే అక్కడ డబ్బు తిరుగుతోందనే కదా. వాళ్ల దగ్గర దొరకనిది ఏమిటో చూసుకో.

అలాగని గుడ్డిగా సంతకం పెట్టకు. లోపల స్తంభాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడు, అరల వరసలు వాటి మధ్య ఇరుక్కుంటాయి. ఫ్రీజర్లు, చల్లగదులకి సరిపడా కరెంటు లోడ్ ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకో. వాన పడినప్పుడు ఒకసారి వెళ్లు. లాక్-ఇన్ పీరియడ్ (మధ్యలో ఖాళీ చెయ్యకూడని గడువు) ఎంత, అద్దె ఏటా ఎంత పెరుగుతుంది, అమ్మకాలు ఇంతకంటే తక్కువైతే బయటపడే దారి ఉందా అన్నది లాయర్ చూస్తారు గానీ, నువ్వూ ఒకసారి చదువు.

అన్నిటికంటే ముందు లారీ. రాత్రి పూట సరుకు లారీ ఆ వీధిలో తిరగాలి, వెనక్కి వచ్చి గేటుకి ఆనాలి, పక్కింటివాళ్లు నిద్ర లేవకూడదు. రెండుసార్లు ఇలాంటి సైట్లు నాకు అక్కడే ఆగిపోయాయి. ఈ శనివారం మీ డ్రైవర్‌ని ఒకణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, లారీ నిజంగా తిప్పించు. వెనక గేటు వెడల్పు టేపుతో కొలిచి నాకు పంపు. ఫొటో వద్దు, అంకె కావాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న